వెనక గది వంతు

“ఎవరి ఫోను వాళ్ళు ఈ బల్ల మీద పెట్టండి. ఒక్కటీ మిగలకూడదు,” అంది శ్రీకళ.

ఆ కేక విని పెరడంతా దాటుకుని వచ్చిన వేదవతి హాలు గుమ్మంలోనే ఆగిపోయింది. మేనల్లుడి పెళ్ళాం గొంతు అంత పైకి లేవడం ఈ ఇంట్లో ఇదే మొదలు. లాప్‌టాపుని చంకన పెట్టుకుని హాలు మధ్యలో నిలబడింది శ్రీకళ. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

మేనల్లుడు విశ్వనాథ్ చాప మీద, తన తెర ముందు బిక్కమొహం వేసుకుని కూచున్నాడు. రోజూ దీపాలు పెట్టే వేళకి అతను ఎక్కడెక్కడి పిల్లలకో నెట్లో వేదం సంత చెబుతాడు. అతను ఒకసారి పలకడం, పిల్లలు రెండేసిసార్లు పలకడం. ఇవాళ ఆ పిల్లలంతా నోళ్ళు తెరిచినవాళ్ళు తెరిచినట్టే తెర మీద బొమ్మలైపోయారు.

“మా మీటింగులో ఏమన్నారో తెలుసాండీ? ‘శ్రీకళగారూ, మీ ఊళ్ళో నెట్టు బాగుపడ్డాక మాట్లాడుకుందాం లెండి’ అన్నారు. అందరూ వింటూండగా అన్నారు. ఇంకోసారి ఇలా తెగితే నన్ను తీసేసి వేరేవాళ్ళని పెట్టుకుంటారు. ఖాయం.”

“దానికి మమ్మల్ని దొంగల్లా నిలబెడతావేవిటే అమ్మాయ్?” వంటింటి గడప అవతల నుంచి వదిన దుర్గాంబ అందుకుంది. మడిచీరలో ఉంది కనక గడప దాటలేదు గాని, ఆవిడ గొంతుకి గడపలేమీ అడ్డురావు. “నాకు ఫోనే లేదు. పెట్టమంటే ఈ గరిటె పెట్టాలి.”

పడక్కుర్చీలో ఉన్న అన్నయ్య జగన్మోహనరావు మాస్టారు నవ్వబోయి, కోడలి మొహం చూసి మానేశారు. తన ఫోను తీసి బల్ల మీద పెట్టారు. విశ్వనాథ్ తనదీ పెట్టాడు.

“వేదత్తయ్యగారిదో?”

అందరూ గుమ్మంవైపు చూశారు. వేదవతి చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. అవతల కువైట్‌లో చిన్ననాటి స్నేహితురాలు గంగాదేవి ఏదో అడుగుతూండగా అర్ధంతరంగా లేచి వచ్చింది తను. ఇప్పుడు ఫోను తిప్పి గుండెకి ఆనించుకుంది.

“నేను సినిమాలవీ చూడనమ్మా,” అంది. అడక్కుండానే సంజాయిషీ చెప్పుకోవడం ఆమెకి ఎప్పుడు అలవాటైందో ఆమెకే తెలియదు.

శ్రీకళ లాప్‌టాపు తెరిచి, రౌటరు లోపలి సంగతులేవో చూసింది. చూస్తూంటే ఆ మొహంలో కోపం తగ్గి, దాని చోట ఇబ్బంది కనబడింది. వేదవతికి కోపమే నయమనిపించింది.

“మీరు ఎక్కువ వాడేస్తున్నారని కాదండీ. మీరు దూరంగా ఉన్నారు, అంతే.”

ఆ మాట ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. వేదవతికి నొప్పి కలగలేదు. ఎవరో చివరికి చూసి చెప్పినట్టు అనిపించింది.

“గాలి ఒక్కటే కదండీ మావయ్యగారూ,” శ్రీకళ మామగారికి విప్పి చెప్పడం మొదలెట్టింది. “అందులో ఒకసారి ఒకళ్ళే మాట్లాడాలి. అందుకని రౌటరు అందరికీ వంతులేస్తుంది. నాదో వంతు, ఈయనదో వంతు, వేదత్తయ్యగారిదో వంతు. దగ్గరున్న వాళ్ళం గబగబా చెప్పేసి తప్పుకుంటాం. ఆవిడ ఫోను పాతది, పైగా బావి అవతల గదిలో ఉంటుంది. అదే ముక్కని కూడబలుక్కుంటూ చెబుతుంది. అది చెప్పడం అయ్యేదాకా అందరం ఆగాల్సిందే.”

“అచ్చం మా సంతలాగే ఉందే!” అన్నాడు విశ్వనాథ్. “నెమ్మదిగా పలికే పిల్లాడు రెండుసార్లూ పలికితే గాని మిగతా వాళ్ళని ముందుకి తీసుకెళ్ళం కదా. వంతంటే వంతే.”

“మీ శిష్యులు ఆగుతారు. మా ఆఫీసువాళ్ళు ఆగరు.” శ్రీకళ మొగుడి వైపు చూడకుండానే అంది. “ఇందులో ఇంకో సెట్టింగుందండి. వంతులు కాకుండా టైము సమానంగా పంచుతుంది. ఎవరి టైము అయిపోగానే, చెప్పేది పూర్తయినా కాకపోయినా, పక్కవాళ్ళకి వెళ్ళిపోతుంది. అప్పుడు ఒకళ్ళకోసం ఒకళ్ళు ఆగక్కర్లేదు. అదీ సమానమేగా?”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అదీ సమానమే. ఇదీ సమానమే. మరి తేడా ఏవిటమ్మా?”

జవాబు గుమ్మంలో నిలబడి ఉంది.

“ఈ రౌటరు తీసుకెళ్ళి వంటింటి గోడకి పెట్టిస్తే?” విశ్వనాథ్ గొంతు తగ్గించి అన్నాడు. “ఇంటికి నడిమధ్య కదా. అత్తకీ అందుతుంది, మనకీ అందుతుంది. కేబులు వాళ్ళకి చెబితే తీగ లాగి వెళ్తారు.”

“ఏవిటీ? వంటింటి గోడకా?” దుర్గాంబ గరిటె పైకి లేచింది. “నా మడిబట్టల దండెం కిందా? ఆ కేబులు కుర్రాడు స్టూలేసుకుని నా పొయ్యి పక్కన ఎక్కి నిలబడతాడా? నా కంఠంలో ప్రాణం ఉండగా అది జరగదు, చెబుతున్నాను.”

“చూద్దాంలే,” అన్నారు మాస్టారు.

వేదవతి తల వంచుకుంది. ఆ ‘చూద్దాంలే’ ఆమెకి బాగా తెలుసు. తన పెళ్ళి సంబంధాల గురించీ అన్నయ్య ఆ మాటే అన్నాడు. పాఠాలు చెప్పుకునే చిన్న బడి మూతపడి తను ఇంట్లో కూచున్నప్పుడూ ఆ మాటే. కొబ్బరికాయలు పోసుకునే వెనక గదిలోకి ‘కొన్నాళ్ళు సర్దుకో, చూద్దాంలే’ అన్నప్పుడూ ఆ మాటే. అన్నయ్య చెడ్డవాడు కాడు. చూస్తాడు. చూస్తూనే ఉంటాడు.

“ఆ సెట్టింగే పెట్టమ్మా,” అంది వేదవతి. “న్యాయంగానే ఉంది.”

అని, గుమ్మంలోనే ఇంకాస్త సేపు నిలబడింది. ఎవరైనా ‘వద్దు’ అంటారేమోనని. విశ్వనాథ్ చాప కొస గిల్లుతున్నాడు. అన్నయ్య కళ్ళజోడు ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. లోపల గరిటె మూకుడికి తగిలిన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. శ్రీకళ వేలు ఒకసారి కదిలింది. తెర మీద పిల్లలు చటుక్కున కళ్ళార్పారు.

“వచ్చేసింది!” అన్నాడు విశ్వనాథ్ ఉత్సాహంగా. వేదవతి వెనక్కి తిరిగింది.

*

గదికి వచ్చి గంగాదేవికి మళ్ళీ కలిపింది. ఫోనుని ఆవకాయ జాడీకి ఆనించి నిలబెట్టింది. అది దాని చోటు.

గంగాదేవీ తనూ పి.గన్నవరం బళ్ళో ఒకే బెంచీ. అప్పట్లో వాళ్ళకి తెలుగు చెప్పింది ఈ అన్నయ్యే. తర్వాత గంగాదేవి చదువు ఆపేసి పెళ్ళి చేసుకుంది, మొగుడు పోయాక కువైట్ వెళ్ళి ఓ పెద్దింట్లో వంటకి కుదిరింది. అక్కడ మధ్యాహ్నం గిన్నెలు కడిగేసరికి ఇక్కడ సంధ్య వాలుతుంది. ఆ కాసేపూ ఇద్దరిదీను.

పెద్దగా మాట్లాడుకునేది కూడా ఏమీ లేదు. అవతల ఆవిడ బట్టలు ఇస్త్రీ చేసుకునేది, ఇవతల ఈవిడ ఒత్తులు చేసుకునేది. మధ్యలో “ఉన్నావా?” అని ఒకరు, “ఉన్నానే” అని ఒకరు. బయటివాళ్ళు వింటే నవ్విపోతారు. ఆ రెండు మాటల కోసం వేదవతి రోజంతా గడిపేది.

కిందటి వారం మాత్రం గంగాదేవి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మాట్లాడింది. ఈ ఏడాదితో అక్కడి పని మానేసి వచ్చేస్తోందట. కాట్రేనికోనలో తండ్రి ఇచ్చిన స్థలంలో తమ్ముడు అంజిబాబు దగ్గరుండి ఇల్లు కట్టిస్తున్నాడట. “రెండు గదులు వేయిస్తన్నానే వేదా. ఒకటి నీదే. వస్తావా?” అని అడిగింది. వేదవతి అప్పుడేమీ చెప్పలేకపోయింది. వస్తానంటే ఊరు ఊరంతా అన్నయ్య మొహం మీదే అడుగుతుంది, చెల్లెలికి ఇంత ముద్ద పెట్టలేకపోయారా మాస్టారూ అని. రానంటే ఈ కొబ్బరి గదిలో తన రోజులు ఇలాగే తెల్లారతాయి.

ఇప్పుడు తెర మీద గంగాదేవి మొహం సగం వచ్చి ఆగింది. నోరు సగం తెరిచి ఉంది. చెయ్యి గాల్లో ఉంది.

“...దా... గోడ లేస్త... తలు... ఎటు...”

“గంగా! వినబడటం లేదే!”

“...వా?”

అది ‘ఉన్నావా’ అని ఆమెకి తెలుసు. “ఉన్నానే, ఉన్నాను!” అని గట్టిగా అరిచింది. ఆ అరుపు గదిలోనే ఉండిపోయింది. తెర మీద గంగాదేవి అదే సగం నోటితో అలాగే చూస్తోంది.

ఫోను పట్టుకుని పెరట్లోకి వచ్చింది. బావి దగ్గర నిలబడింది, కరివేపాకు చెట్టు కింద నిలబడింది, వంటింటి వెనక గోడకి ఆనుకుని చెయ్యి పైకెత్తి నిలబడింది. లోపలి నుంచి మేనల్లుడి సంత గణగణా వినిపిస్తోంది. ఎక్కడా తడబాటు లేదు. శ్రీకళ నవ్వు కూడా వినిపించింది, ఎన్నాళ్ళకో. అందరికీ బాగుంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే బాధ.

ఫోను టింగుమంది. మాట రాలేదు గాని రాత వచ్చింది. గంగాదేవి రాసింది: ‘ఎల్లుండి రెండో గది గోడలు లేపుతారు. తలుపు ఎటు పెట్టాలో రేపు సందేళ చెప్పు. నువ్వు రాకపోతే అది సామాన్ల గది చేసేస్తాను, తలుపు కూడా వేరేగా వస్తది. నోటితోనే చెప్పు. రాయకు. రాస్తే నువ్వు మర్యాదగా అబద్ధాలు రాస్తావు.’

వేదవతి ‘నేను బాగానే ఉన్నానే, నా గురించి’ అని రాయబోయి, ఆ ఆఖరి వాక్యం మళ్ళీ చదువుకుని, రాసింది చెరిపేసింది.

*

మర్నాడు పొద్దున్న బావిలో చేద వేస్తూంటే శ్రీకళ వచ్చి గట్టు పక్కన నిలబడింది. చేతిలో కాఫీ గ్లాసు.

“మీకేనండీ.”

“అక్కడ పెట్టమ్మా. ఇవి మీ అత్తగారికి మడినీళ్ళు. అందించేసి వస్తాను.”

దుర్గాంబకి మోకాళ్ళు పట్టేశాక ఆ నీళ్ళు తోడడం వేదవతి వంతుకొచ్చింది. రోజూ తడిబట్టతో రెండు బిందెలు గడప దగ్గర పెడుతుంది. వదిన లోపలికి లాక్కుంటుంది. ఆ ఇద్దరి మధ్యా రోజు మొత్తానికి జరిగే సంభాషణ చాలావరకూ అదే.

తిరిగొచ్చేసరికి కాఫీ చల్లారింది. శ్రీకళ ఇంకా అక్కడే ఉంది.

“నిన్న మీ కాల్ వచ్చిందాండీ?”

“వచ్చిందమ్మా,” అంది వేదవతి. నోటితో కూడా మర్యాదగా అబద్ధాలాడగలదు పాపం.

శ్రీకళ చల్లారిన గ్లాసు చేతిలోకి తీసుకుంది. “నాకు తెలుసండీ, రాదు. ఆ సెట్టింగు పెడితే దూరంగా ఉన్నవాళ్ళకి రాదని తెలిసే పెట్టేను. వేరే దారి తోచలేదండీ. ఈ ఉద్యోగం పోతే నాకు ఈ ఇంట్లో...” అని ఆగింది. “పొద్దుణ్ణుంచీ నాతో మాట్లాడేది ఆ మీటింగులో వాళ్ళే అత్తయ్యగారూ.”

వేదవతి ఆ పిల్ల మొహంలోకి కొత్తగా చూసింది. ఒకే ఇంట్లో ఇద్దరూ ఇన్నాళ్ళుగా ఎవరి గోడ పక్కన వాళ్ళు ఇలా కూచున్నారా అనిపించింది.

“నీ తప్పేముందమ్మా. న్యాయంగానే చేసేవు.”

“హాల్లోకి వచ్చి మాట్లాడుకోండి. రౌటరు కింద కూచుంటే మీదే అందరికన్నా బాగా వస్తుంది.”

“హాల్లోనా?” వేదవతి నవ్వేసింది. ఈ ఇంటి హాల్లో ఆమె అడిగిన దానికి జవాబు చెప్పడమే గాని, కూచుని సొంత మాట మాట్లాడిన జ్ఞాపకం లేదు.

“హాల్లోనేనండి,” అంది శ్రీకళ.

*

సందేళ అయ్యింది. వేదవతి గదిలోనే ఫోను ముందు కూచుంది. గంట మోగింది. తీసింది. మళ్ళీ అదే సగం మొహం, అదే ముక్కలు ముక్కలు మాట. తెగిపోయింది. మళ్ళీ మోగింది. మళ్ళీ తెగింది.

కాట్రేనికోనలో మేస్త్రీ పని కట్టేసి కాళ్ళు కడుక్కుంటూ ఉంటాడు. గంగాదేవి తీరిక కాసేపే. పెద్దింటి అమ్మగారు పిలిస్తే లేచిపోవాలి.

వేదవతి లేచింది. కొంగు నడుముకి దోపుకుంది, యుద్ధానికి వెళ్తున్నట్టు. పెరడు దాటింది, వంటింటి వసారా దాటింది, హాల్లోకి వచ్చింది.

అందరూ ఎవరి చోట్లో వాళ్ళున్నారు. అన్నయ్య పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని సంత వింటున్నాడు. విశ్వనాథ్ పలుకుతున్నాడు, పిల్లలు అందుకుంటున్నారు. శ్రీకళ చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని తన గది తలుపు దగ్గర ఉంది. గోడ మీద చెక్క, చెక్క మీద రౌటరు పచ్చగా మిణుకుమంటోంది. దాని కిందకి వెళ్ళి, ఎవర్నీ అడక్కుండా, నేల మీద చతికిలబడింది వేదవతి.

విశ్వనాథ్ గొంతు ఒక అక్షరం దగ్గర జారింది.

ఫోను మోగింది. తీసేసరికి గంగాదేవి మొహం పూర్తిగా వచ్చింది. ఎంత పూర్తిగానంటే, పాపిట దగ్గర తెల్లబడిన జుట్టూ, పొయ్యి సెగకి నల్లబడిన బుగ్గా వేదవతి ఇప్పుడే మొదటిసారి చూసింది.

“వచ్చేవా తల్లీ! ఎక్కడున్నావే? ఆ వెనకాల పాటలేంటి?”

“హాల్లో ఉన్నానే.”

“హాల్లోనా?” గంగాదేవికి కూడా నమ్మకం కుదరలేదు. “సరే, ఇను. తమ్ముడు లైన్లో ఉన్నాడు. మేస్త్రీ అడుగుతున్నాట్ట. నీ గది తలుపు ఎటు పెట్టమంటావు?”

సంత ఆగిపోయింది. విశ్వనాథ్ పిల్లలతో “కాస్త ఆగండి నాయనా” అన్నాడు. శ్రీకళ హెడ్‌ఫోను తీసేసింది. వంటింట్లో గరిటె చప్పుడు కూడా ఆగింది. పడక్కుర్చీ కిర్రుమంది.

వేదవతికి వెంటనే నోరు పెగల్లేదు. మాటని లోపల్నుంచి ఒక్కొక్క అక్షరమే పైకి లాక్కోవాల్సి వచ్చింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఈ ఇల్లంతా తన ఒక్క మాట కోసం ఇలా ఆగడం ఆమె ఎన్నడూ ఎరగదు. వాళ్ళు ఇలా ఆగగలరని తెలిసి ఉంటే ఎప్పుడో మాట్లాడి ఉండేదాన్ని కదా అనిపించింది.

“తూర్పుకి పెట్టించు,” అంది. “పొద్దున్నే వెలుగు పడాలి.”

“ఒసే వేదా! అయితే వస్తన్నావా?”

“వస్తున్నాను.”

“ఎక్కడికే?” దుర్గాంబ గడప మీదికి వచ్చేసింది. “ఎవరింటికి? ఎవరి గది? ఏవండీ, వింటున్నారా?”

మాస్టారు ‘చూద్దాంలే’ అనే వేళ ఇదే. ఆయన అనలేదు.

“కాట్రేనికోన వెళ్తాను వదినా. గంగాదేవి ఇల్లు కట్టుకుంటోంది.”

“ఆ గంగాదేవి ఇంటికా? నువ్వా?” దుర్గాంబ గడప దాటింది. మడిచీరతో హాల్లోకి, మైలబట్టలు కట్టుకున్న మనుషుల మధ్యకి, గరిటె పట్టుకునే వచ్చేసింది. ఆవిడకే తెలియలేదు. “ఈ ఇంటికి కాపరానికొచ్చినప్పుడు నీకు జడలేసి బడికి పంపింది నేను. ఇప్పుడు చెప్పకుండా గది కట్టించుకుంటున్నావా? నువ్వెళ్ళిపోతే నాకు మడినీళ్ళెవరు తోడతారే?”

ఇంకెవరైనా అయితే నీళ్ళ గురించే అడిగిందని అనుకునేవారు. వేదవతి అలా అనుకోలేకపోయింది. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడటం మర్చిపోయిన ఇద్దరు ఆడవాళ్ళ మధ్య మిగిలినవి ఆ రెండు బిందెలే. వాటిని పట్టుకునే అడగాలి పాపం, వదిన అయినా.

శ్రీకళ ఏదో అనబోయి ఆగింది. రౌటరు మాత్రం తన పని తను చేసుకుపోతోంది.

“ఒసే,” అంది ఫోన్లోంచి గంగాదేవి, గొంతు తగ్గించి. “ఇవాళ చీమ చిటుక్కుమన్నా వినబడుతోందే. అక్కడ ఎవరే ఏడుస్తన్నదీ?”

వేదవతి వదిన మొహంలోకి చూసింది. దుర్గాంబ కళ్ళు పొడిగా, కోపంగా ఉన్నాయి. శ్రీకళ వైపు చూసింది. శ్రీకళ ఆమెని చూడటం లేదు, పడక్కుర్చీ వైపు చూస్తోంది.

కుర్చీ ఖాళీగా ఉంది. అన్నయ్య ఎప్పుడు లేచాడో, వీధి కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. ఉత్తరీయం భుజాన లేదు. రెండు చేతులతోనూ మొహానికి అదిమి పట్టుకుని ఉన్నాడు.

“వేదా, ఉన్నావా?” అంది గంగాదేవి.

ఇన్నేళ్ళలో మొదటిసారి వేదవతి ఆ మాటకి వెంటనే జవాబు చెప్పలేకపోయింది.